వ్లాదిస్లావ్ జ్ముడా

వ్లాదిస్లావ్ జ్ముడా (జననం: 1954 జూన్ 6) పోలాండ్ దేశానికి చెందిన విశ్రాంత ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు రక్షణ పంక్తి మధ్యస్థానంలో ఆడే డిఫెండర్. పోలాండ్ జాతీయ జట్టు తరఫున 1973 నుండి 1986 వరకు 91 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడి 2 గోల్స్ చేశాడు. 1974, 1978, 1982, 1986 సంవత్సరాలలో జరిగిన నాలుగు ప్రపంచ కప్పు పోటీలలో పాల్గొని, వాటిలో మొత్తం 21 మ్యాచ్‌లు ఆడాడు. ప్రపంచ కప్పులో అత్యధిక మ్యాచ్‌లు ఆడిన రికార్డును 1986లో పశ్చిమ జర్మనీ ఆటగాడు ఊవె సీలర్‌తో కలిసి పంచుకున్నాడు. 1974, 1982 ప్రపంచ కప్పులలో మూడవ స్థానం పొందిన రెండు జట్లలోనూ ఇతడు సభ్యుడు. 1982లో జట్టు నాయకుడు కూడా ఇతడే. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో రజత పతకం గెలుచుకున్న జట్టులోనూ ఆడాడు.

గమనిక: ఇదే పేరు గల మరొక వ్యక్తి పోలాండ్ ఫుట్‌బాల్ రంగంలో ఉన్నాడు. అతడు 1939లో జన్మించిన శిక్షకుడు వ్లాదిస్లావ్ యాన్ జ్ముడా. ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే క్లబ్బులలో ఉండటం వలన పాఠకులు పొరబడే అవకాశం ఉంది. ఈ వ్యాసం ఆటగాడిని గురించినది.

పేరు, ఉచ్చారణ

పోలిష్ భాషలో అడ్డగీత గల 'ల' అక్షరాన్ని 'వ' వలె పలుకుతారు. పదాంతంలోని 'వ' కారం 'ఫ' వలె వినిపిస్తుంది. అందువలన ఇతని పేరు పోలిష్ వారి నోట సుమారుగా 'వ్వదిస్వాఫ్ జ్ముదా' అని వినబడుతుంది. తెలుగు పత్రికలలో విదేశీ పేర్లను రాసే అలవాటును అనుసరించి ఈ వ్యాసంలో 'జ్ముడా' అని వాడడమైనది.

తొలి జీవితం

జ్ముడా తూర్పు పోలాండ్‌లోని లుబ్లిన్ నగరంలో జన్మించాడు. ఆ నగరపు క్లబ్బు అయిన మోటార్ లుబ్లిన్‌లో ఆట నేర్చుకున్నాడు. అక్కడి నుండి రాజధాని వార్సాలోని గ్వార్దియా క్లబ్బుకు చేరాడు.

ఇతని క్లబ్బు జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి పోలాండ్ వ్యవస్థను కొంత తెలుసుకోవాలి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఏర్పడిన కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో, కాగితం మీద ఆటగాళ్ళందరూ ఔత్సాహికులే. ప్రతి పెద్ద క్లబ్బునూ ఏదో ఒక ప్రభుత్వ సంస్థ పోషించేది. గ్వార్దియా పోలీసు శాఖ క్లబ్బు. ఇతడు తరువాత చేరిన ష్లోన్స్క్ వ్రోత్స్వావ్ సైన్యపు క్లబ్బు. గనుల ప్రాంతంలోని క్లబ్బులకు గనులు అండగా ఉండేవి. ఆటగాడు సైనికుడిగానో, పోలీసుగానో, గని కార్మికుడిగానో పట్టికలో నమోదై జీతం తీసుకుంటూ, వాస్తవంలో పూర్తికాలం ఫుట్‌బాల్ ఆడేవాడు. విదేశీ క్లబ్బులలో ఆడటానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ముప్పై ఏళ్ళు దగ్గరపడేవరకు ఆ అనుమతి సాధారణంగా దొరికేది కాదు. కజిమియెజ్ దేయ్నా 1978లో 31వ ఏటగాని ఇంగ్లాండు వెళ్ళలేకపోయాడు. గ్జెగొజ్ లాటో 1980లో 30వ ఏట బెల్జియం వెళ్ళాడు. జ్ముడా కూడా తన ఉత్తమ సంవత్సరాలన్నీ స్వదేశంలోనే ఆడాడు.

జాతీయ జట్టులో ప్రవేశం

జ్ముడా 1973లో తొలిసారి జాతీయ జట్టుకు ఆడాడు. పోలాండ్ ఫుట్‌బాల్ చరిత్రలో అది మలుపు తిరిగిన సంవత్సరం. అక్టోబరు 17న లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లాండుతో 1-1 స్కోరుతో సమంగా నిలిచి, పోలాండ్ 1974 ప్రపంచ కప్పుకు అర్హత సాధించింది. ఇంగ్లాండు బయటనే ఉండిపోయింది. ఆ ప్రసిద్ధమైన మ్యాచ్‌లో జ్ముడా ఆడలేదు. ఆ రోజు రక్షణ మధ్యభాగంలో యెజీ గోర్గోన్‌కు తోడుగా మిరొస్లావ్ బుల్జాత్స్కీ ఆడాడు. కాని మరుసటి వేసవిలో ప్రపంచ కప్పు మొదలయ్యేసరికి శిక్షకుడు కజిమియెజ్ గూర్‌స్కీ ఆ స్థానాన్ని జ్ముడాకు అప్పగించాడు. వెంబ్లీలో నిలబడిన ఆటగాడిని పక్కన పెట్టి, ఇరవై ఏళ్ళు నిండీ నిండని యువకుడిని దించడం సాహసమే. ఆ తరువాత ఎనిమిదేళ్ళపాటు జరిగిన ప్రపంచ కప్పులలో ఆ స్థానం జ్ముడాదే అయింది.

1974 ప్రపంచ కప్పు

ఈ పోటీలు పశ్చిమ జర్మనీలో జరిగాయి. జూన్ 15న స్టుట్‌గార్ట్‌లో అర్జెంటీనాతో తొలి మ్యాచ్ ఆడేనాటికి జ్ముడా ఇరవయ్యవ పుట్టినరోజు గడిచి తొమ్మిది రోజులే అయింది. ఇతడు ధరించిన చొక్కా సంఖ్య 9. సాధారణంగా 9 సంఖ్యను గోల్స్ చేసే ముందువరుస ఆటగాడు ధరిస్తాడు. పోలాండ్ జట్టులో ఆ ఏడు గోల్ కీపర్లతో మొదలుపెట్టి, తరువాత డిఫెండర్లు, ఆపైన మిగిలినవారు అనే క్రమంలో సంఖ్యలు కేటాయించడం వలన అది జ్ముడాకు వచ్చింది. 1982లో కూడా ఇతడు అదే సంఖ్యతో ఆడాడు.

పోలాండ్ తన తొలి దశ మ్యాచ్‌లు మూడింటినీ గెలిచింది. అర్జెంటీనాపై 3-2, హైతీపై 7-0, ఇటలీపై 2-1 స్కోరుతో విజయాలు సాధించింది. ఓటమితో ఇటలీ ఇంటిదారి పట్టింది. రెండవ దశలో స్వీడన్‌పై 1-0, యుగోస్లావియాపై 2-1 తేడాతో గెలిచింది.

జులై 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పశ్చిమ జర్మనీతో జరిగిన మ్యాచ్ ఫైనల్లో ప్రవేశాన్ని నిర్ణయించేది. గోల్స్ తేడాలో ముందున్న పశ్చిమ జర్మనీకి సమంగా ముగిస్తే చాలు. పోలాండ్ మాత్రం గెలిచి తీరాలి. మ్యాచ్‌కు ముందు కుండపోత వర్షం కురిసి మైదానం చెరువైంది. అగ్నిమాపక దళంవారు నీటిని తోడివేసిన తరువాత, ఆలస్యంగా ఆట ప్రారంభమైంది. బంతి నీటిలో ఆగిపోతుండటంతో, వేగవంతమైన పాసులమీద ఆధారపడిన పోలాండ్ ఆటకు ఆటంకం కలిగింది. గోల్ కీపర్ యాన్ తొమషెవ్‌స్కీ ఒక పెనాల్టీని ఆపినా, రెండవ సగంలో గెర్డ్ ముల్లర్ చేసిన ఏకైక గోల్‌తో పశ్చిమ జర్మనీ గెలిచింది. మూడు రోజుల తరువాత మ్యూనిక్‌లో పోలాండ్ అంతకుముందరి విజేత అయిన బ్రెజిల్‌ను 1-0తో ఓడించి మూడవ స్థానం దక్కించుకుంది.

జ్ముడా ఏడు మ్యాచ్‌లలోనూ ఆడాడు. ఆ ఏడింటిలో పోలాండ్ 16 గోల్స్ చేసి, 5 మాత్రమే ఇచ్చింది. 7 గోల్స్‌తో లాటో ఆ పోటీలలో అత్యధిక గోల్స్ చేసినవాడయ్యాడు. ప్రపంచ కప్పుల ఉత్తమ యువ ఆటగాళ్ళ జాబితాలో ఫిఫా 1974కు జ్ముడా పేరును చేర్చింది. అదే జాబితాలో 1958కి పీలే, 1966కి ఫ్రాంజ్ బెకెన్‌బావర్ పేర్లు ఉన్నాయి.

ఆట తీరు

ఆ జట్టులో గోర్గోన్, జ్ముడా జోడీ పరస్పరం పూరకంగా ఉండేది. భారీకాయుడైన గోర్గోన్ గాలిలో వచ్చే బంతులను తలతో ఎదుర్కొని, ప్రత్యర్థి ముందువరుస ఆటగాడిని నేరుగా ఢీకొనేవాడు. జ్ముడా అతనికి కొంచెం వెనుకగా ఉండి, బంతి ఎటు రాబోతున్నదో ముందుగా గ్రహించి ఆ ఖాళీని మూసివేసేవాడు. అటువంటి ఆటగాడు చేసే పని చూపరులకు తరచుగా కనబడదు. బంతి ప్రత్యర్థికి చేరకముందే దారి మూసివేస్తే అక్కడ జరగవలసిన ప్రమాదం అసలు జరగనే జరగదు. గోల్స్ చేసినవారి పేర్లు పట్టికలకు ఎక్కుతాయి. గోల్ కాకుండా ఆపినవారికి అటువంటి పట్టిక లేదు. అందుకే ఇతని విలువను జట్టు ఇచ్చిన గోల్స్ సంఖ్యతో కొలవవలసి ఉంటుంది.

1976 ఒలింపిక్ క్రీడలు

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణ పతకం గెలిచిన పోలాండ్, 1976లో మాంట్రియల్‌కు దాదాపు పూర్తిస్థాయి జాతీయ జట్టును పంపింది. తూర్పు ఐరోపా ఆటగాళ్ళు నియమాల ప్రకారం ఔత్సాహికులు కావడం వలన ఇది సాధ్యమైంది. తొలి దశలో క్యూబాతో 0-0గా సమంగా ముగించి, ఇరాన్‌పై 3-2తో గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో ఉత్తర కొరియాను 5-0తో, సెమీ ఫైనల్లో బ్రెజిల్‌ను 2-0తో ఓడించింది. జులై 31న జరిగిన ఫైనల్లో తూర్పు జర్మనీ చేతిలో 1-3తో ఓడి రజత పతకంతో సరిపెట్టుకుంది. జ్ముడా ఫైనల్లో ఆడాడు.

స్వర్ణాన్ని ఆశించిన స్వదేశంలో రజతాన్ని వైఫల్యంగా భావించారు. ఈ పోటీల తరువాత గూర్‌స్కీ శిక్షక బాధ్యతలనుండి తప్పుకున్నాడు. దీనికి ముందు యూరోపియన్ ఛాంపియన్‌షిప్ అర్హత పోటీలలో 1975 సెప్టెంబరు 10న నెదర్లాండ్స్‌ను 4-1తో ఓడించినప్పటికీ, చివరకు గోల్స్ తేడాలో వెనుకబడి పోలాండ్ ముందుకు వెళ్ళలేకపోయింది. జ్ముడా కాలమంతటా పోలాండ్ ఒక్కసారి కూడా యూరోపియన్ ఛాంపియన్‌షిప్ తుది దశకు చేరలేదు. ఆ దేశం తొలిసారి ఆ దశకు చేరింది 2008లో.

స్వదేశంలో క్లబ్బు విజయాలు

1974 ప్రపంచ కప్పు తరువాత జ్ముడా ష్లోన్స్క్ వ్రోత్స్వావ్‌లో చేరి 1980 వరకు ఆడాడు. ఆ క్లబ్బు 1976లో పోలిష్ కప్పును, 1976-77లో జాతీయ లీగ్‌ను గెలిచింది. లీగ్ టైటిల్ ఆ క్లబ్బుకు అదే మొదటిది. అప్పటి శిక్షకుడు పైన గమనికలో పేర్కొన్న వ్లాదిస్లావ్ యాన్ జ్ముడా.

1980లో ఇతడు లోడ్జ్ నగరంలోని విడ్జెవ్ క్లబ్బుకు మారాడు. లోడ్జ్ బట్టల మిల్లులకు పేరుపొందిన కార్మిక నగరం. జ్బిగ్నియెవ్ బోనియెక్, గోల్ కీపర్ యూజెఫ్ మ్వినార్చిక్, వ్లోజిమియెజ్ స్మొలారెక్ వంటి ఆటగాళ్ళతో విడ్జెవ్ అప్పుడు దేశంలోని బలమైన జట్టుగా ఎదిగింది. 1980-81 యూఈఎఫ్ఏ కప్పులో మాంచెస్టర్ యునైటెడ్, జువెంటస్ జట్లను పోటీనుండి తప్పించింది. 1980-81, 1981-82 లీగ్ టైటిళ్ళను వరుసగా గెలిచింది. రెండవ టైటిల్ నాటికి శిక్షకుడు మళ్ళీ అదే పేరుగల యాన్ జ్ముడా కావడం విశేషం.

1978 ప్రపంచ కప్పు

అర్జెంటీనాలో జరిగిన ఈ పోటీలకు యాత్సెక్ గ్మోఖ్ శిక్షకుడు, దేయ్నా జట్టు నాయకుడు. జూన్ 1న పోటీల ప్రారంభ మ్యాచ్‌లో పోలాండ్ ప్రపంచ విజేత పశ్చిమ జర్మనీని 0-0తో నిలువరించింది. ట్యునీషియాపై 1-0, మెక్సికోపై 3-1తో గెలిచి రెండవ దశకు చేరింది.

రెండవ దశలో జూన్ 14న రొసారియోలో ఆతిథ్య దేశం అర్జెంటీనాతో తలపడింది. మారియో కెంపెస్ ఒక గోల్ చేసిన తరువాత, పోలాండ్‌కు ఖాయమైన గోల్‌ను తన గోల్ గీత వద్ద చేతితో అడ్డుకున్నాడు. అప్పటి నియమాల ప్రకారం అతనిని మైదానంనుండి పంపలేదు. పెనాల్టీ మాత్రం ఇచ్చారు. దేయ్నా కొట్టిన ఆ పెనాల్టీని గోల్ కీపర్ ఫియోల్ ఆపాడు. రెండవ సగంలో కెంపెస్ మరొక గోల్ చేయగా అర్జెంటీనా 2-0తో గెలిచింది. పోలాండ్ పెరూపై 1-0తో గెలిచి, బ్రెజిల్ చేతిలో 1-3తో ఓడి నిష్క్రమించింది. ఆరు మ్యాచ్‌లలోనూ జ్ముడా ఆడాడు.

ఒకెంచె విమానాశ్రయ సంఘటన

1980 ఆగస్టులో గ్దాన్‌స్క్ నౌకా నిర్మాణ కేంద్రం కార్మికుల సమ్మెతో పోలాండ్‌లో సాలిడారిటీ కార్మికోద్యమం మొదలైంది. ఆ ఏడాది చివరలో జాతీయ జట్టు ప్రపంచ కప్పు అర్హత పోటీలో భాగంగా మాల్టాతో ఆడవలసి ఉంది. అంతకుముందు ఇటలీలో సాధన శిబిరం ఏర్పాటు చేశారు.

నవంబరు 29 ఉదయం జట్టు బయలుదేరే సమయానికి గోల్ కీపర్ మ్వినార్చిక్ రాత్రి తాగిన మత్తు వదలని స్థితిలో ఉన్నాడు. శిక్షకుడు రిషార్ద్ కులేషా అతనిని ఇంట్లోనే వదిలి వెళ్ళాలని నిశ్చయించాడు. వార్సాలోని ఒకెంచె విమానాశ్రయంలో బోనియెక్, స్తనిస్లావ్ తెర్లెత్స్కీ, జ్ముడా ఈ నిర్ణయాన్ని వ్యతిరేకించి సహచరుని పక్షాన నిలిచారు. చివరకు మ్వినార్చిక్‌ను కూడా విమానం ఎక్కించుకున్నారు. కాని వార్త పత్రికలకు ఎక్కి పెద్ద దుమారమైంది. ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు నలుగురినీ మాల్టా మ్యాచ్‌కు ముందే ఇటలీనుండి తిప్పి పంపారు.

తరువాత బోనియెక్, తెర్లెత్స్కీలపై ఏడాది, జ్ముడా, మ్వినార్చిక్‌లపై ఎనిమిది నెలల నిషేధం విధించారు. శిక్షలు మితిమీరాయని భావించిన కులేషా తన పదవికి రాజీనామా చేశాడు. అతని స్థానంలో అంతొనీ పియెఖ్నీచెక్ వచ్చాడు. తప్పు చేసిన గోల్ కీపర్‌కు, అతనికి మద్దతు పలికిన జ్ముడాకు సమానమైన శిక్ష పడటం గమనించదగినది. అధికారులను కలవరపరచినది ఒకరి తాగుడుకంటె నలుగురి ఐక్యత అని ఈ శిక్షలను బట్టి అర్థమవుతుంది. 1981లో నిషేధాలు సడలించగా బోనియెక్, మ్వినార్చిక్, జ్ముడా జట్టులోకి తిరిగి వచ్చారు. తెర్లెత్స్కీ మాత్రం మళ్ళీ పోలాండ్‌కు ఆడలేదు. 1981 అక్టోబరు 10న లైప్‌జిగ్‌లో తూర్పు జర్మనీపై 3-2తో గెలిచి పోలాండ్ తదుపరి ప్రపంచ కప్పుకు అర్హత పొందింది.

1982 ప్రపంచ కప్పు

1981 డిసెంబరు 13న పోలాండ్‌లో సైనిక శాసనం విధించారు. సాలిడారిటీ నాయకులను నిర్బంధించారు. ఈ పరిస్థితులలో విదేశీ జాతీయ జట్లతో స్నేహపూర్వక మ్యాచ్‌లు దొరకడం కష్టమై, పోలాండ్ క్లబ్బు జట్లతో ఆడుతూ ప్రపంచ కప్పుకు సిద్ధపడింది. ఏడాదిన్నర క్రితం నిషేధానికి గురైన జ్ముడా ఈ జట్టుకు నాయకుడుగా స్పెయిన్ వెళ్ళాడు.

ఆరంభం నిరాశాజనకంగా సాగింది. జూన్ 14న ఇటలీతో, 19న కామెరూన్‌తో ఆడిన మ్యాచ్‌లు రెండూ 0-0గా ముగిశాయి. జూన్ 22న లా కొరూన్యాలో పెరూపై 5-1తో గెలిచి పోలాండ్ తన గ్రూపులో ప్రథమ స్థానం పొందింది. రెండవ దశలో బార్సిలోనాలో బెల్జియంపై బోనియెక్ మూడు గోల్స్‌తో 3-0 విజయం సాధించింది.

జులై 4న సోవియట్ యూనియన్‌తో జరిగిన మ్యాచ్‌కు ఆటను మించిన ప్రాముఖ్యం ఏర్పడింది. ప్రేక్షకుల మధ్య సాలిడారిటీ పతాకాలు వెలిశాయి. బెల్జియంపై సోవియట్ జట్టు 1-0తో మాత్రమే గెలిచినందున పోలాండ్‌కు సమంగా ముగిస్తే సరిపోతుంది. జ్ముడా, పావెల్ యానాస్ మధ్యలో నిలిచిన రక్షణ పంక్తి గోల్ ఇవ్వకుండా 90 నిమిషాలు గడిపింది. 0-0 స్కోరుతో పోలాండ్ సెమీ ఫైనల్ చేరింది. అప్పటికి అయిదు మ్యాచ్‌లలో ఈ జట్టు ఇచ్చినది ఒకే ఒక గోల్.

పసుపు కార్డుల కారణంగా బోనియెక్ సెమీ ఫైనల్‌కు దూరమయ్యాడు. జులై 8న పావొలో రోసీ చేసిన రెండు గోల్స్‌తో ఇటలీ 2-0తో గెలిచింది. ఆ ఏడు ప్రపంచ విజేత కూడా ఇటలీయే. జులై 10న అలికాంటెలో ఫ్రాన్స్‌పై 3-2తో గెలిచి పోలాండ్ రెండవసారి మూడవ స్థానం సాధించింది. ఏడు మ్యాచ్‌లలోనూ జ్ముడా ఆడాడు.

విదేశీ క్లబ్బులలో

1982లో ఇటలీ ప్రథమ శ్రేణి లీగ్‌లో ఒక్కొక్క క్లబ్బు ఇద్దరు విదేశీయులను చేర్చుకోవడానికి అనుమతి లభించింది. ఆ వేసవిలో బోనియెక్ జువెంటస్‌కు, 28 ఏళ్ళ జ్ముడా హెల్లాస్ వెరోనాకు వెళ్ళారు. వెరోనాలో గాయాల కారణంగా జ్ముడా కొద్ది మ్యాచ్‌లే ఆడగలిగాడు. 1984లో ఆ క్లబ్బును వదిలాడు. ఆ మరుసటి 1984-85 సీజన్‌లోనే వెరోనా తన చరిత్రలో ఏకైక ఇటలీ లీగ్ టైటిల్ గెలిచింది.

1984లో కొంతకాలం అమెరికాలోని న్యూయార్క్ కాస్మోస్‌కు ఆడాడు. పీలే, బెకెన్‌బావర్ ఆడిన ఆ క్లబ్బు అప్పటికి క్షీణ దశలో ఉంది. అది ఆడుతున్న ఉత్తర అమెరికా లీగ్ ఆ సీజన్‌తోనే మూతపడింది. అదే ఏడు ఇటలీకి తిరిగి వచ్చి క్రెమొనేసెలో చేరాడు. 1984-85లో ప్రథమ శ్రేణిలో ఆడిన క్రెమొనేసె ద్వితీయ శ్రేణికి దిగజారింది. జ్ముడా 1987 వరకు ఆ క్లబ్బుతోనే ఉన్నాడు.

1986 ప్రపంచ కప్పు

మెక్సికోలో జరిగిన ఈ పోటీలకు కూడా పియెఖ్నీచెక్ శిక్షకుడు. నాయకత్వం బోనియెక్‌ది. ముప్పై రెండేళ్ళ జ్ముడా అప్పుడు ఇటలీ ద్వితీయ శ్రేణి క్లబ్బు ఆటగాడు. తొలి దశలో పోలాండ్ మొరాకోతో 0-0గా సమంగా ముగించి, పోర్చుగల్‌పై 1-0తో గెలిచి, ఇంగ్లాండు చేతిలో 0-3తో ఓడింది. ఈ మూడింటిలోనూ జ్ముడాకు అవకాశం రాలేదు. అప్పటికి ఇతని లెక్క 20 మ్యాచ్‌ల వద్ద ఉంది.

జూన్ 16న గ్వాదలహారాలో బ్రెజిల్‌తో రెండవ దశ మ్యాచ్ జరిగింది. ఓటమి ఖాయమైన తరువాత 83వ నిమిషంలో యాన్ ఉర్బాన్ స్థానంలో జ్ముడాను దించారు. పోలాండ్ 0-4తో ఓడింది. ఆ చివరి నిమిషాలతో జ్ముడా 21వ మ్యాచ్ పూర్తిచేసి, 1958 నుండి 1970 వరకు నాలుగు ప్రపంచ కప్పులలో ఊవె సీలర్ నెలకొల్పిన రికార్డును సమం చేశాడు. అదే ఇతని చివరి అంతర్జాతీయ మ్యాచ్.

ప్రపంచ కప్పు మ్యాచ్‌ల పట్టిక

1974 (పశ్చిమ జర్మనీ): అర్జెంటీనా 3-2, హైతీ 7-0, ఇటలీ 2-1, స్వీడన్ 1-0, యుగోస్లావియా 2-1, పశ్చిమ జర్మనీ 0-1, బ్రెజిల్ 1-0. మొత్తం 7.

1978 (అర్జెంటీనా): పశ్చిమ జర్మనీ 0-0, ట్యునీషియా 1-0, మెక్సికో 3-1, అర్జెంటీనా 0-2, పెరూ 1-0, బ్రెజిల్ 1-3. మొత్తం 6.

1982 (స్పెయిన్): ఇటలీ 0-0, కామెరూన్ 0-0, పెరూ 5-1, బెల్జియం 3-0, సోవియట్ యూనియన్ 0-0, ఇటలీ 0-2, ఫ్రాన్స్ 3-2. మొత్తం 7.

1986 (మెక్సికో): బ్రెజిల్ 0-4. మొత్తం 1.

ప్రతి స్కోరులోనూ మొదటి సంఖ్య పోలాండ్‌ది. ఈ 21 మ్యాచ్‌లలో పోలాండ్ 12 గెలిచి, 4 సమంగా ముగించి, 5 ఓడింది. మొదటి మూడు ప్రపంచ కప్పుల 20 మ్యాచ్‌లను విడిగా తీసుకుంటే, పోలాండ్ ఇచ్చిన గోల్స్ 16. వాటిలో సరిగ్గా సగం, అంటే 10 మ్యాచ్‌లలో ప్రత్యర్థులు ఒక్క గోల్ కూడా చేయలేకపోయారు.

రికార్డు తదనంతర చరిత్ర

1994లో అర్జెంటీనా ఆటగాడు డీగో మారడోనా కూడా 21 మ్యాచ్‌లకు చేరుకున్నాడు. అదే ఏడు జర్మనీ ఆటగాడు లోథార్ మథేయస్ సైతం ఆ సంఖ్యను అందుకుని, 1998లో 25 మ్యాచ్‌లతో రికార్డును తిరగరాశాడు. 2022లో లియొనెల్ మెస్సీ 26వ మ్యాచ్ ఆడి దానిని అధిగమించాడు. 1986 నుండి 1998 వరకు, పన్నెండేళ్ళపాటు, ప్రపంచ కప్పు మ్యాచ్‌ల సంఖ్యలో జ్ముడాను మించినవారు లేరు. 2022 ప్రపంచ కప్పు వరకు చూస్తే, నాలుగు ప్రపంచ కప్పులలో ఆడిన పోలాండ్ ఆటగాడు ఇతడొక్కడే.

విరమణ తరువాత

ఆట విరమించిన తరువాత జ్ముడా శిక్షణ రంగంలో ప్రవేశించి, పోలాండ్ యువ ఆటగాళ్ళ జట్లతో పనిచేశాడు.

విజయాల సంగ్రహం

జాతీయ జట్టు: ప్రపంచ కప్పులో మూడవ స్థానం (1974, 1982), ఒలింపిక్ రజత పతకం (1976).

ష్లోన్స్క్ వ్రోత్స్వావ్: పోలిష్ కప్పు (1976), పోలాండ్ లీగ్ (1976-77).

విడ్జెవ్ లోడ్జ్: పోలాండ్ లీగ్ (1980-81, 1981-82).

వ్యక్తిగతం: 1974 ప్రపంచ కప్పు ఉత్తమ యువ ఆటగాడు.